తలకు దెబ్బ తగిలిన మనిషి ఇంటికి వచ్చాక కుటుంబం చేయవలసిన పనులు

ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున గుమ్మంలో దిష్టి తీసి లోపలికి తీసుకువెళ్ళగానే గండం గడిచిందని ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. ప్రాణగండం గడిచిన మాట నిజమే కాని, తలకు బలమైన దెబ్బ తగిలిన మనిషి విషయంలో కుటుంబానికి అసలు పని ఆ గుమ్మం దాటిన తరువాతనే మొదలవుతుంది. మా అన్నయ్య మోటారు సైకిలు ప్రమాదంలో గాయపడి, ఐసీయూలోనూ వార్డులోనూ నలభై రోజులు గడిపి ఇంటికి వచ్చినప్పుడు మా చేతిలో మందుల చీటీ తప్ప మరే సూచనా లేదు. వదిన, అమ్మ, నేను తప్పులు చేస్తూ నేర్చుకుని, ఆ తరువాత డాక్టర్లనూ థెరపిస్టులనూ అడిగి సరిదిద్దుకున్న సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

ఆసుపత్రి వదిలే ముందే డిశ్చార్జి సమ్మరీని డ్యూటీ డాక్టరు చేత చదివించుకుని అర్థం చెప్పించుకోండి. అందులో జీసీఎస్ (గ్లాస్గో కోమా స్కేలు) అనే, మనిషి ఎంత స్పృహలో ఉన్నాడో చెప్పే అంకె ఉంటుంది. 1974లో గ్లాస్గో వైద్యులు రూపొందించిన ఈ కొలమానంలో కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6 చొప్పున మొత్తం 15. అన్నిటికన్నా తక్కువ 3. ఆసుపత్రిలో చేర్చినప్పుడు 8 గాని అంతకంటే తక్కువ గాని ఉంటే తీవ్రమైన గాయంగా లెక్కిస్తారు. చేర్చిన నాటి అంకెను, ఇంటికి పంపిన నాటి అంకెను ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకుంటే, రేపు ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా పనికివస్తాయి. మెదడు వాపు వల్ల పుర్రె ఎముక ముక్కను తీసి ఉంటే, దానిని పొట్ట చర్మం కింద దాచారో, ఫ్రీజరులో భద్రపరిచారో, మళ్ళీ ఎప్పుడు అమరుస్తారో అడిగి తెలుసుకోండి. అమర్చేదాకా ఆ పక్కకు తిప్పి పడుకోబెట్టకూడదు.

తిండి విషయంలో ప్రేమే ప్రమాదం తెచ్చిపెడుతుంది. ముక్కు గొట్టం ద్వారా పాలూ జావా వెళుతున్న రోజుల్లో, నోరు ఎండిపోతోందని జాలిపడి మా అమ్మ రెండు చెంచాల కొబ్బరినీళ్ళు నోట్లో పోసింది. మూడో రోజుకు జ్వరం వచ్చింది, న్యుమోనియా అని మళ్ళీ చేర్చుకున్నారు. మింగడం సరిగా రాని మనిషికి ముద్ద కన్నా పలుచని నీళ్ళే ఎక్కువ ప్రమాదమని, అవి గొంతు అదుపులోకి రాకముందే ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయని స్పీచ్ థెరపిస్టు చెప్పేదాకా మాకు తెలియదు. నోటి ద్వారా పెట్టవచ్చని వారు చెప్పిన తరువాతనే, మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి వంచి, చెంచా వంచినప్పుడు ధారగా కారకుండా ముద్దగా జారేటంత చిక్కగా కాచిన రాగి జావతో మొదలుపెట్టండి. ఒక చెంచా పెట్టి, గొంతు కదిలిందో లేదో చూసి, బుగ్గలో ఏమీ మిగలలేదని నిర్ధారించుకున్నాకే రెండో చెంచా పెట్టాలి. తిన్న తరువాత అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. పొలమారితే నెత్తిన తట్టి ఎవరో తలచుకుంటున్నారని నవ్వుకునే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ఈ మనిషి దగ్గర మాత్రం ప్రతి పొలమారడాన్నీ తేదీతో సహా రాసి థెరపిస్టుకు చెప్పాలి.

మంచం మీదే ఉన్నన్నాళ్ళూ రెండు గంటలకొకసారి పక్క మార్చకపోతే నడుము దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ ఉన్న వస్తువులు తీసి, గడియారం చూడండి. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్ళు పోయడం వద్దు. అయిదు నిమిషాల్లో ఆగకపోయినా, వెంటవెంటనే వచ్చినా 108కు ఫోను చేయాలి. ఫిట్స్ మాత్రలను, బాగానే ఉన్నాడు కదా అని మనంతట మనం ఆపకూడదు. తలనొప్పి రోజురోజుకూ పెరగడం, వాంతులు, లేపినా లేవనంత మగత, ముక్కు నుంచి నీళ్ళలాంటి ద్రవం కారడం, ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మెదడు పైపొరల్లో రక్తం కొన్ని వారాల తరువాత కూడా చేరవచ్చు.

ఇవన్నీ నేర్చుకుంటే వస్తాయి. కష్టమైనది మనిషి తీరు మారడం. అన్నయ్య వాష్‌బేసిన్ ముందు టూత్‌బ్రష్ చేతిలో పట్టుకుని పావుగంట అలాగే నిలబడేవాడు, పక్కింటివారు బద్ధకమన్నారు, మేమూ విసుక్కున్నాము. నుదుటి వెనుక ఉండే మెదడు భాగం దెబ్బతింటే ఏం చేయాలో తెలిసినా మొదలుపెట్టే శక్తి పోతుందని తెలిశాక, "పేస్టు మూత తియ్యి", "ఇప్పుడు బ్రష్ మీద పెట్టు" అంటూ ఒక్కొక్క అంచెగా చెప్పడం మొదలుపెట్టాము. రెండు నెలలకు మొదటి మాట చెబితే చాలేది. కోపం కూడా అటువంటిదే. మిక్సీ, టీవీ, పిల్లల అరుపులు ఒకేసారి చెవిన పడితే అలసిన మెదడు తట్టుకోలేక కంచం విసిరికొట్టవచ్చు. అప్పుడు తర్కించకుండా, చేతులు కట్టకుండా, చప్పుడు తగ్గించి, గదిలో ఒక్కరే ఉండి, మాట మార్చండి. మధ్యాహ్నం ఒక గంట చీకటి గదిలో నిద్ర ఇచ్చాక మా ఇంట్లో సాయంకాలపు గొడవలు సగానికి తగ్గాయి.

పరామర్శకు వచ్చేవారిని కట్టడి చేయడం వదిన వల్ల కాలేదు, ఆ నిష్ఠూరం నేను భరించాను. ఒకసారి ఇద్దరు, పది నిమిషాలు, అంతే. వచ్చినవారు "నేనెవరో చెప్పుకో చూద్దాం" అని అడగకుండా గుమ్మంలోనే చెప్పాలి. జ్ఞాపకం దెబ్బతిన్న మనిషి ఊహించి చెప్పిన తప్పు పేరే మనసులో నిలిచిపోతుంది. "నేను పెద్దమ్మను, రాజమండ్రి నుంచి వచ్చాను" అని మనమే ముందుగా చెప్పడం మర్యాద, వైద్యం కూడా.

మొదటి 6 నెలల్లో మార్పు వేగంగా కనిపిస్తుంది, తరువాత నెమ్మదిస్తుంది కాని ఆగదు; కనుక ఫిజియోథెరపీని మధ్యలో మానకండి. రాత్రి కాపలాను వంతులు వేసుకోండి, ఎవరూ వరుసగా రెండు రాత్రులు మేలుకోవద్దు. ప్రమాదం రోడ్డు మీద జరిగితే ఎఫ్‌ఐఆర్ ప్రతి, ప్రతి బిల్లు, ప్రతి స్కానింగు దాచి, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం కోసం వకీలును త్వరగా కలవండి. వైకల్యం మిగిలితే దివ్యాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు అయిన యూడీఐడీకి దరఖాస్తు చేయవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజర్వేషన్ల వంటి ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం కనీస హద్దు.

చాలా రోజులు అన్నయ్య పొద్దున లేస్తూనే "నా బండేదీ?" అని అడిగేవాడు. మెకానిక్ దగ్గర ఉందని మేము అబద్ధం చెప్పేవాళ్ళం, అది గుర్తుండక మళ్ళీ అడిగేవాడు. చివరికి మంచం పక్కనున్న నోటు పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో, "మార్చిలో ప్రమాదం జరిగింది. బండి అమ్మేశాము. డాక్టరు చెప్పేదాకా నువ్వు నడపకూడదు" అని రాసి, అడిగిన ప్రతిసారీ ఆ పేజీ ఆయనే తెరిచి చదువుకునేటట్లు చేశాము. మొదటి వారం చదివిన ప్రతిసారీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాలుగో వారం, మేము చెప్పకముందే, పుస్తకం కోసం తనే చేయి చాపాడు.