అమ్మానాన్నల గ్రీన్‌కార్డుకు లాయర్‌ని పెట్టుకునే ముందు

వేసవికి అమ్మానాన్నలను అమెరికా రప్పించి ఇక్కడే ఉంచుకుందామనుకునే సిటిజన్ పిల్లలు (21 నిండి ఉండాలి) ఇవి చూసుకోండి.

• "విజిటర్ వీసా మీద రప్పించండి, ఊరికే చూడ్డానికొచ్చామని చెప్పమనండి, తర్వాత ఫైల్ చేద్దాం" అనే సలహా ఎవరిచ్చినా అక్కడే ఆగిపోండి. ఆఫీసర్‌కి అబద్ధం చెప్పారని తేలితే నిషేధం జీవితాంతం. మినహాయింపు అడగడానికి సిటిజన్ కొడుకో కూతురో ఉంటే సరిపోదు.

• ఐ-485 (అమెరికాలో ఉండి వేసే గ్రీన్‌కార్డు అప్లికేషన్) పెండింగ్‌లో ఉండగా, అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్లి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) చేతికి రాకుండా అమ్మానాన్నలు ఇండియా వెళ్లొద్దు. మేనకోడలి పెళ్లే అయినా సరే, అప్లికేషన్ వదిలేసుకున్నట్టే లెక్క.

• లాయర్ పేరు అక్కడి రాష్ట్ర బార్ (లాయర్ల సంఘం) వెబ్‌సైట్‌లో వెతకండి. కన్సల్టెంట్, నోటరీ లాయర్లు కారు. మీ తరఫున జి-28 (మీ లాయర్ తనేనని ఇమిగ్రేషన్ వాళ్లకు తెలిపే ఫారం) వేయనంటే అనుమానించాల్సిందే.

• పేర్లు. మనవాళ్లకు అసలు టెన్షన్ ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం, మీ బర్త్ సర్టిఫికెట్‌లో అమ్మ పెళ్లికి ముందు పేరు. తేడాలన్నీ ఒక కాగితం మీద రాసి మొదటి మీటింగ్‌లోనే ఇవ్వండి. అసలు మీ పుట్టుక నమోదే కాలేదా? నమోదు లేదన్న పత్రం మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి తీసుకుని, మీ పుట్టుక తెలిసిన పెద్దలతో అఫిడవిట్లు రాయించండి. ఇవి ఫోన్లో తెమిలే పనులు కావు, ఊరెళ్లినప్పుడే చేయించుకోండి.

• అమ్మకి, నాన్నకి విడివిడిగా ఐ-130 (బంధువు కోసం సిటిజన్ వేసే పిటిషన్) వేయాలి. చెప్పిన ఫీజు ఒకరికా, ఇద్దరికా అడగండి.

• ఖాళీ ఫారం మీద సంతకం వద్దు.