స్కెచ్‌లో కొలత ముందు, నగిషీ తర్వాత

ఆర్కిటెక్చర్ చదువుతూ రోజుకో స్కెచ్ వేసేవాళ్లకి ఒక చిట్కా. చార్మినార్ ముందు నిలబడగానే చేయి నేరుగా నగిషీల మీదికి పోతుంది. కాస్త ఆగండి. దగ్గర్లోని గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ దాకా వెనక్కి వచ్చి, కట్టడానికి ఎదురుగా నిలబడండి. చేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలితో వెడల్పు గుర్తు పెట్టుకోండి. అదే కొలత ఎత్తులో ఎన్నిసార్లు పడుతుందో చూడండి. ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు, మినార్ల ఎత్తు 48 మీటర్ల పైచిలుకు. అంటే రెండున్నరకి కొంచెం తక్కువ రావాలి. మూల నుంచి చూస్తే వెడల్పు మోసం చేస్తుంది.

మొదటి ఏడాదంతా నా మినార్లు పొట్టివే! మోచేయి వంచి కొలిచేవాణ్ని మరి.

రబ్బరు ఇంట్లోనే వదిలేయండి. బొమ్మ కింద టైము, నీడ ఎటు పడిందో, మీకు తట్టిన ఒక ప్రశ్న రాసుకోండి. నా పాత పుస్తకాల్లో ఇప్పటికీ పనికొచ్చేవి బొమ్మలకన్నా ఆ ప్రశ్నలే. పొద్దున ఏడులోపు వెళ్తే జనం తక్కువ, నీడలు పొడుగు.