బ్యాకప్ లిస్టు డేటాబేస్ పేర్లతో మొదలుపెట్టండి

మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ చూసుకునేవాళ్లకు ఒక మాట. ఏ బ్యాకప్ ఎప్పుడు తీశామో సర్వర్ సొంత డేటాబేస్ ఎంఎస్‌డీబీలోని బ్యాకప్‌సెట్ టేబుల్లో దానంతటదే నమోదవుతుంది. చాలామంది రోజువారీ రిపోర్టు నేరుగా అందులోంచే తీస్తారు. నేనూ అలాగే తీసేవాణ్ని.

తిరుపతి బస్టాండు దగ్గర ఓ లాడ్జీకి గదుల బుకింగ్ డేటాబేస్ చూస్తాను. బ్రహ్మోత్సవాల రద్దీకని విడిగా ఇంకో డేటాబేస్ పెట్టి, దాన్ని బ్యాకప్ జాబ్‌లో కలపడం మర్చిపోయాం. రిపోర్టు మాత్రం రోజూ బాగానే కనిపించింది. ఒక్కసారి కూడా బ్యాకప్ తీయని డేటాబేస్‌కు ఆ టేబుల్లో అసలు వరుసే ఉండదు మరి! తొమ్మిదో రోజు, చక్రస్నానం నాడు సంగతి తెలిసి గుండె జారిపోయింది.

అందుకే అన్ని డేటాబేస్‌ల పేర్లూ ఉండే సిస్ డాట్ డేటాబేసెస్ నుంచి మొదలుపెట్టి, బ్యాకప్‌సెట్‌ను లెఫ్ట్ జాయిన్ (జత దొరకని పేర్లనూ ఉంచే కలయిక) చేయండి. తేదీ దగ్గర నల్ (ఖాళీ) వచ్చినవే ముందు చూడాల్సినవి. తాత్కాలిక డేటా ఉండే టెంప్‌డీబీని వదిలేయండి, దానికి బ్యాకప్ ఉండదు.

బ్యాకప్‌సెట్ టైప్ కాలమ్‌లో డీ అంటే ఫుల్ (మొత్తం డేటాబేస్), ఐ అంటే డిఫరెన్షియల్ (ఆఖరి ఫుల్ తర్వాత మారినవి), ఎల్ అంటే లాగ్ (మార్పుల చిట్టా). మూడింటి ఆఖరి తేదీలూ వేరువేరుగా చూపించాలి. కలిపేస్తే గంట కిందటి లాగ్ బ్యాకప్ చాటున నెల కిందటి ఫుల్ బ్యాకప్ దాక్కుంటుంది. టైప్ షరతును క్వెరీ చివర వడపోసే వేర్‌లో కాకుండా జాయిన్ పక్కనుండే ఆన్‌లో రాయండి, లేదంటే నల్ వరుసలు మళ్లీ మాయమవుతాయి.

ఇంకోటి, డిస్కులో ఫైల్ ఎవరైనా తీసేసినా టేబుల్లో వరుస అలాగే ఉంటుంది. వారానికోసారి, బ్యాకప్ ఫైల్ చదవడానికి వీలుగా ఉందో లేదో చూసే రిస్టోర్ వెరిఫైఓన్లీ కమాండ్ నడపండి. నెలకోసారి ఒక్క డేటాబేస్‌నైనా వేరే మెషీన్లో నిజంగా రిస్టోర్ చేసి చూడండి.