న్యూజెర్సీలో ఇల్లు ఖాళీ చేయించే కేసు పడితే: అద్దె సాయం ఎలా కోరాలి, కోర్టులో ఎలా నిలబడాలి

న్యూజెర్సీలో అద్దె బకాయి కారణంగా ఇంటి యజమాని దావా వేసిన రోజు నుంచి అద్దెదారు రెండు పనులను పక్కపక్కనే నడపవలసి ఉంటుంది. కోర్టులో కేసు ఒకటి, బకాయి తీర్చడానికి సాయం వెతకడం మరొకటి. ఈ రెండింటి గడువులు వేరు, కాగితాలు వేరు, చూసే మనుషులు వేరు. ఒక చోట జరిగింది రెండో చోట వారికి దానంతట అది తెలియదు. సాయానికి దరఖాస్తు పెట్టినంత మాత్రాన కోర్టు వాయిదా ఆగదు. ఈ ఒక్క సంగతి తెలియక, డబ్బు మంజూరయ్యే దశలో ఉండగానే ఇల్లు పోగొట్టుకునే కుటుంబాలు ఉంటాయి. ఎడిసన్, ఐసెలిన్, జెర్సీ సిటీ వంటి చోట్ల అద్దె ఇళ్లలో ఉండే తెలుగు కుటుంబాలకు, విద్యార్థులకు ఈ క్రమం ముందుగా తెలిసి ఉండడం చాలా అవసరం. ఇక్కడ చెప్పేది సాధారణ సమాచారం మాత్రమే కనుక, మీ కేసులో ఏ నిర్ణయమైనా లాయరుతో మాట్లాడిన తర్వాతే తీసుకోండి.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. కోవిడ్ కాలంలో అమెరికా కేంద్ర ప్రభుత్వం అద్దె సాయానికి 2020 డిసెంబరులో 2,500 కోట్ల డాలర్లు, 2021 మార్చిలో మరో 2,155 కోట్ల డాలర్లు కేటాయించింది. మొదటి విడత గడువు 2022 సెప్టెంబరుతో, రెండో విడత గడువు 2025 సెప్టెంబరు 30తో ముగిశాయి. ఆ పథకాల పేరుతో ఉన్న పాత పేజీలు ఇంటర్నెట్‌లో ఇప్పటికీ కనిపిస్తూ ఉంటాయి. వాటిని నమ్మి రోజులు పోగొట్టుకోవద్దు. దరఖాస్తు రుసుము పేరుతో డబ్బు అడిగేవారికి మీ బ్యాంకు వివరాలు అసలే ఇవ్వవద్దు. ఇప్పుడు దొరికే సాయం ఎక్కువగా కౌంటీల ద్వారా, పట్టణాల ద్వారా, స్వచ్ఛంద సంస్థల ద్వారా వస్తుంది.

సమన్లు చేతికి రాగానే చేయవలసినవి

అద్దె చెల్లించలేదన్న కారణంతో వేసే దావాకు ముందు నోటీసు ఇవ్వవలసిన అవసరం ఇక్కడ చాలా సందర్భాల్లో లేదు. అందువల్ల మొదటి సమాచారం నేరుగా కోర్టు నుంచే రావచ్చు. మిడిల్‌సెక్స్ కౌంటీ కేసులు న్యూ బ్రన్స్‌విక్‌లోనూ, హడ్సన్ కౌంటీ కేసులు జెర్సీ సిటీలోనూ నడుస్తాయి. సమన్లపై ఉండే డాకెట్ నంబరును (కోర్టు మీ కేసుకు ఇచ్చే సంఖ్యను) వెంటనే వేరుగా రాసి పెట్టుకోండి, ఎందుకంటే సాయం చేసే సంస్థ, లాయరు, కోర్టు గుమాస్తా అందరూ ముందుగా అడిగేది దాన్నే.

ఆ తర్వాత ఫిర్యాదులో చూపిన మొత్తాన్ని మీ లెక్కతో నెలవారీగా సరిచూసుకోండి. ఆలస్య రుసుము, యజమాని లాయరు ఫీజు వంటివి అదనపు అద్దెగా పరిగణించవచ్చని మీ లీజులో రాసి ఉంటేనే ఈ కేసులో వాటిని అడగడానికి వీలుంటుంది. లీజులో అలాంటి మాట లేకపోతే వాటిని తీసివేయమని జడ్జిని కోరవచ్చు. జెల్ (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సేవ) ద్వారా పంపిన అద్దెలకు బ్యాంకు స్టేట్‌మెంట్లే రుజువు. నలుగురు కలిసి ఉండే ఇంట్లో, లీజు ఒకరి పేరున ఉండి మిగతావారు తమ వాటా ఆయనకు పంపుతూ ఉంటే, ఎవరు ఎప్పుడు ఎంత పంపారో ఆ వివరాలన్నీ ఒక చోట చేర్చండి. సాయం ఇచ్చే సంస్థ కూడా ఇవే అడుగుతుంది.

మన ఊళ్లలో అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఆఖరి నెలల అద్దె అందులో సర్దుకుపోతుందన్న అలవాటు ఉంది. న్యూజెర్సీలో ఆ లెక్క చెల్లదు. ఇక్కడ మొదట తీసుకునే సెక్యూరిటీ డిపాజిట్ నెలన్నర అద్దెకు మించకూడదు. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, డిపాజిట్ ఉందన్న కారణంతో బకాయి కేసు ఆగదు.

యజమాని తానుగా తాళాలు మార్చడం, కరెంటు లేదా నీళ్లు ఆపేయడం చట్టవిరుద్ధం. కోర్టు వారంటుతో వచ్చే అధికారి తప్ప మిమ్మల్ని ఇంటి నుంచి ఎవరూ బయటికి పంపలేరు. ఎవరైనా అలా ప్రయత్నిస్తే పోలీసులకు ఫోన్ చేయండి.

సాయం కోసం ఎవరిని అడగాలి

మొదటి ఫోన్ 211కి చేయండి. ఇది రాష్ట్రమంతటా పనిచేసే సమాచార సేవ. మీ కౌంటీలో ప్రస్తుతం ఏ నిధులు అందుబాటులో ఉన్నాయో, ఏ సంస్థ దరఖాస్తులు తీసుకుంటోందో వారు చెబుతారు. మాట మొదలుపెట్టగానే కోర్టు తేదీ చెప్పండి. రెండో ఫోన్ కౌంటీ సాంఘిక సేవల కార్యాలయానికి. రాష్ట్ర నగదు సహాయం లేదా ఎస్‌ఎస్‌ఐ (తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే కేంద్ర నగదు సహాయం) పొందుతున్నవారికి, అర్హత ఉన్నవారికి అక్కడ అత్యవసర సహాయం దొరుకుతుంది. ఆ సహాయానికి అర్హత లేని తక్కువ ఆదాయ కుటుంబాల కోసం, ఇల్లు కోల్పోయే ప్రమాదంలో ఉన్నవారిని ఆదుకునే మరో నిధి కౌంటీల్లో ఉంటుంది. మొదటి దానికి కుదరదని చెబితే అక్కడితో ఆగకుండా, రెండో దాని గురించి పేరు పెట్టి అడగండి. ఎస్‌ఎస్‌హెచ్ (సోషల్ సర్వీసెస్ ఫర్ ది హోమ్‌లెస్) అంటే వారికి తెలుస్తుంది. క్యాథలిక్ చారిటీస్, సాల్వేషన్ ఆర్మీ, సెయింట్ విన్సెంట్ డి పాల్ వంటి సంస్థలు మతంతో సంబంధం లేకుండా సాయం చేస్తాయి. ఒక్కొక్కటి కొంత మొత్తమే ఇవ్వగలిగినా, రెండు మూడు చోట్ల నుంచి కూడబెట్టి బకాయి పూర్తి చేసుకోవచ్చు.

ఉచిత న్యాయ సలహా కోసం లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీ హాట్‌లైన్ 1-888-576-5529 ఉంది. మిడిల్‌సెక్స్, మెర్సర్, యూనియన్ కౌంటీలవారికి సెంట్రల్ జెర్సీ లీగల్ సర్వీసెస్, హడ్సన్‌వారికి నార్త్‌ఈస్ట్ న్యూజెర్సీ లీగల్ సర్వీసెస్ పనిచేస్తాయి. ఆదాయ పరిమితి, వీసా స్థితి వల్ల వీరు కేసు తీసుకోలేని సందర్భాలు ఉంటాయి. అయినా ఫోన్ చేయడం మానవద్దు, తాము తీసుకోలేకపోతే ఎవరిని అడగాలో చెప్పమనండి.

ఈ సంస్థలన్నీ తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలు రెండే: బకాయి ఎందుకు పడింది, వచ్చే నెల నుంచి అద్దె ఎలా కడతారు. మొదటి ప్రశ్నకు ఉద్యోగం తీసేసిన ఉత్తరం, ఆస్పత్రి బిల్లు, తగ్గిన జీతం చీటీ వంటివి చాలు. రెండో ప్రశ్నకే చాలామంది సరైన జవాబు సిద్ధం చేసుకోరు. పాత బకాయి తీర్చినా వచ్చే నెల మళ్లీ అదే పరిస్థితి వస్తుందనుకుంటే సంస్థ డబ్బు ఇవ్వడానికి వెనకాడుతుంది. కొత్త ఉద్యోగపు ఆఫర్ లెటరు, జీవిత భాగస్వామి జీతం, గదిలో చేరబోయే మరో వ్యక్తి వాటా, ఇలా నెల ఖర్చు ఎలా గడుస్తుందో ఒక కాగితం మీద అంకెలతో రాసి జత చేయండి. వాటితో పాటు లీజు, గుర్తింపు పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, సమన్లు, ఫిర్యాదు ప్రతి కావాలి. డబ్బు సాధారణంగా నేరుగా యజమానికే వెళుతుంది కనుక ఆయన డబ్ల్యూ-9 పత్రం (డబ్బు అందుకునేవారు తమ పన్ను గుర్తింపు సంఖ్య తెలిపే ఫారం) ఇవ్వవలసి ఉంటుంది. యజమాని తరఫు లాయరుకు ఈమెయిల్ రాసి దాన్ని ముందే అడగండి. వారు జవాబివ్వకపోతే ఆ ఈమెయిలే రేపు కోర్టులో మీకు ఉపయోగపడుతుంది.

దరఖాస్తు ఆమోదం పొందగానే, చెక్కు రావడానికి ఆలస్యమైనా సరే, ఒక హామీ లేఖ అడగండి. సంస్థ పేరున్న కాగితంపై మీ పేరు, ఇంటి చిరునామా, డాకెట్ నంబరు, ఇవ్వబోయే మొత్తం, ఎప్పటిలోగా ఇస్తారన్నది ఉండాలి. ఈ లేఖే కోర్టునూ సాయాన్నీ కలిపే ఆధారం. దాని ప్రతిని యజమాని లాయరుకు పంపండి. న్యాయవాది లేనివారి కోసం కోర్టు నడిపే ఆన్‌లైన్ విధానం జెడ్స్ ద్వారా కోర్టుకూ సమర్పించండి. అసలు కాగితం వెంట తీసుకువెళ్లండి.

కోర్టు రోజు

ఏం జరిగినా వాయిదాకు హాజరు కండి. మీరు లేకపోతే మీ వాదన వినకుండానే తీర్పు మీకు వ్యతిరేకంగా రావచ్చు. ఇంగ్లీషులో తడబడతామన్న భయం ఉన్నవారు తెలుగు దుబాసీ కావాలని కోర్టుకు ముందుగానే తెలియజేయండి. ఆ సేవకు డబ్బు తీసుకోరు. ఇంట్లో హీటరు పనిచేయకపోవడం, పైకప్పు కారడం వంటి తీవ్రమైన లోపాలు ఉండి, మీరు తెలియజేసినా యజమాని పట్టించుకోకపోతే, ఫొటోలతో, మెసేజులతో ఆ సంగతి చెప్పుకోవచ్చు. అయితే అద్దె డబ్బు కోర్టులో జమ చేయమని జడ్జి ఆదేశించవచ్చు కనుక ఆ మొత్తం పక్కన పెట్టుకుని వెళ్లాలి.

విచారణకు ముందు రాజీ చర్చ జరుగుతుంది. అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది ఇక్కడే. మీ ముందు పెట్టే ఒప్పందంలో, స్వాధీనపు తీర్పుకు (ఇల్లు యజమానికి తిరిగి అప్పగించాలన్న తీర్పుకు) మీరు అంగీకరిస్తున్నట్టు రాసి ఉందేమో చూడండి. అలాంటి ఒప్పందంపై సంతకం పెట్టి, నెలనెలా వాయిదాల్లో కడతామని ఒప్పుకున్న తర్వాత ఒక్క వాయిదా తప్పినా, మళ్లీ పూర్తి విచారణ లేకుండానే యజమాని వారంటు కోరడానికి దారి ఏర్పడుతుంది. కారిడార్‌లో తొందరపెట్టినా తలవంచవద్దు. సాయం డబ్బు ఎప్పుడు వస్తుందో ఆ తేదీకి సరిపోయే గడువు ఒప్పందంలో రాయించండి, బకాయి చెల్లించగానే కేసు కొట్టివేయాలన్న మాట కూడా చేర్పించండి. ఎంత కట్టగలరో అంతకే ఒప్పుకోండి. అర్థం కాని వాక్యం ఉంటే సంతకం పెట్టకుండా, జడ్జి ముందుకు వెళతామని చెప్పే హక్కు మీకు ఉంది.

తీర్పు వ్యతిరేకంగా వచ్చినా దారి పూర్తిగా మూసుకుపోదు. తీర్పు తర్వాత 3 పనిదినాలు గడిస్తే గానీ వారంటు జారీ కాదు, అది అందిన తర్వాత మరో 3 పనిదినాలు గడిస్తే గానీ అధికారి వచ్చి తాళం వేయలేడు. ఇంకా ముఖ్యమైనది ఏమిటంటే, అద్దె బకాయి కేసుల్లో తాళం పడిన తర్వాత 3 పనిదినాల వరకు కూడా, బకాయి మొత్తం ఖర్చులతో సహా చెల్లిస్తే యజమాని తీసుకోక తప్పదని న్యూజెర్సీ చట్టం చెబుతోంది. అద్దె సాయం ఇచ్చే సంస్థ చెల్లించినా అంతే. కాబట్టి తీర్పు వచ్చింది కదా అని దరఖాస్తులు మధ్యలో వదిలేయకండి, ఆ రోజే సంస్థకు ఫోన్ చేసి కొత్త గడువు చెప్పండి. వేరే ఇల్లు దొరకక ఇబ్బంది పడుతున్నవారు, అద్దె కడుతూ ఉంటామంటే, గరిష్ఠంగా 6 నెలల వరకు ఖాళీ చేయించడం ఆపమని కోర్టును కోరవచ్చు. సామాను సర్దుకోవడానికి 7 రోజుల వరకు సమయం అడిగే దరఖాస్తు వేరే ఉంది.

వీసాపై ఉన్నవారికి

హెచ్-1బీపై ఉన్నవారికి ఉద్యోగం పోతే అమెరికాలో ఉండడానికి సాధారణంగా గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు ఉంటుంది. అద్దె బకాయి పడేది కూడా అదే సమయంలో. ఖాళీ చేయించే దావా సివిల్ కేసు, క్రిమినల్ కేసు కాదు, కనుక దీనివల్లే వీసా రద్దవుతుందని భయపడి ఇల్లు వదిలి వెళ్లిపోవలసిన పనిలేదు. అయితే ప్రభుత్వ నగదు సహాయం తీసుకుంటే గ్రీన్‌కార్డు దరఖాస్తుపై ప్రభావం ఉంటుందా అన్న ప్రశ్నకు నియమాలు మారుతూ ఉన్నందున, దరఖాస్తు పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి. తొందరలో ఉంటే స్వచ్ఛంద సంస్థల సాయంతో మొదలుపెట్టవచ్చు. అక్కడ మీ స్థితి గురించి ఏం అడుగుతారో ఫోన్‌లోనే కనుక్కోండి.

బకాయి తీరిన తర్వాత యజమాని నుంచి రసీదు తీసుకోండి, కేసు కొట్టివేసినట్టు కోర్టు రికార్డులో నమోదైందో లేదో డాకెట్ నంబరుతో సరిచూసుకోండి. అద్దెదారుల చరిత్ర చూపే నివేదికల్లో ఇలాంటి కేసులు 7 ఏళ్ల వరకు కనిపించే వీలుంది. కొట్టివేసిన కేసు తీర్పుగా నమోదై ఉంటే, ఆ నివేదిక తయారుచేసిన సంస్థకు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపి, కోర్టు ఆదేశం ప్రతిని జత చేసి సరిదిద్దమని కోరండి.