కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 7 – మూడవ పాఠం: పెన్‌డ్రైవ్‌లోకి డ్రైవర్లను ఎక్కించడం

మొదటి పాఠంలో ల్యాప్‌టాప్‌లో ఉన్న సమాచారమంతా బయటి హార్డ్‌డిస్కులోకి నకలు తీసి పెట్టుకున్నాము. రెండవ పాఠంలో, ల్యాప్‌టాప్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు పనిచేసే బయాస్‌లోకి వెళ్ళి, ఆమోదం లేని వ్యవస్థలను లేవనివ్వని సెక్యూర్ బూట్‌ను ఆపి, సీఎస్‌ఎం అనే పాత పద్ధతి బూటింగును ఆన్ చేసుకున్నాము. బయాస్ అంతా వెతికినా సీఎస్‌ఎం కనిపించలేదంటే దయచేసి అక్కడితో ఆగండి. విండోస్ 7 యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిలో లేచినప్పుడు కూడా తెరమీద బొమ్మ చూపడానికి పాత బయాస్ సేవనే అడుగుతుంది కాబట్టి, అది లేని యంత్రంలో ‘స్టార్టింగ్ విండోస్’ అన్న మాట దగ్గరే నిలిచిపోతుంది. అటువంటి యంత్రం ఉన్నవారు విండోస్ 10 మీదనే వర్చువల్ మెషీన్ (కంప్యూటరులోపల మరో కంప్యూటరులా పనిచేసే ప్రోగ్రాము) పెట్టుకొని అందులో విండోస్ 7 నడుపుకోవడం మేలు.

మన పాఠాలకు ఆధారంగా తీసుకున్నది కావలిలోని ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్ అని మీకు గుర్తుండే ఉంటుంది. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు వేసే ఆ ప్రెస్సులో పెద్ద సైజు స్కానర్ ఒకటి ఉంది. దాని డ్రైవర్, అంటే దాన్ని విండోస్ గుర్తించి నడపడానికి కావలసిన చిన్న ప్రోగ్రాము, విండోస్ 7తో ఆగిపోయింది. స్కానర్ నిక్షేపంగా ఉన్నా దానికి తోడున్న కంప్యూటర్ చెడిపోయింది, అదీ మాఘమాసపు ముహూర్తాల ముందు. యజమాని ఒంగోలులో 6వ తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొని నా దగ్గరికి తెచ్చారు. పనిచేస్తున్న స్కానర్‌ను డ్రైవర్ లేదన్న ఒక్క కారణంతో పాత ఇనుముకు వేయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఈ పాఠాలు రాయడానికి కారణం అదే.

మామూలుగా తయారుచేసిన విండోస్ 7 పెన్‌డ్రైవ్‌ను ఆ ల్యాప్‌టాప్‌కు పెట్టి ఆన్ చేస్తే మొదట అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఫైళ్ళు లోడవుతాయి, నీలి తెర వస్తుంది, భాషను ఎంచుకోమని అడుగుతుంది. సరిగ్గా ఆ సమయంలో యూఎస్‌బీ మౌసును తిప్పి అడుగున చూడండి, అంతవరకు వెలుగుతున్న ఎర్రదీపం ఆరిపోయి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లోనే ఉన్న కీబోర్డు చాలా యంత్రాలలో పాత పద్ధతిలో కలిపి ఉంటుంది కనుక ట్యాబ్, ఎంటర్ నొక్కి ఒక అడుగు ముందుకు వెళ్ళవచ్చు. అయితే వెంటనే ‘సీడీ/డీవీడీ డ్రైవ్‌కు కావలసిన డ్రైవర్ లేదు’ అన్న సందేశం వస్తుంది. ఈ సందేశం మనిషిని పూర్తిగా దారి తప్పిస్తుంది. డీవీడీ డ్రైవే లేని ల్యాప్‌టాప్‌లో కూడా ఇదే వస్తుంది. దీన్ని నమ్మి కొత్త పెన్‌డ్రైవ్ కొన్నవారిని, విండోస్ 7 ఇన్‌స్టాల్ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా ఉండే ఐఎస్‌ఓను మళ్ళీ మళ్ళీ దించుకున్నవారిని నేను చూశాను. అసలు సంగతేమిటంటే, తాను ఏ పెన్‌డ్రైవ్‌నుంచి లేచిందో ఆ పెన్‌డ్రైవ్‌నే విండోస్ చూడలేకపోతోంది.

విండోస్ 7 విడుదలైనది 2009 అక్టోబరు 22న. యూఎస్‌బీ 3.0 అప్పటికింకా జనం చేతుల్లోకి రాలేదు, అందువల్ల దాని డ్రైవర్ విండోస్ 7లో లేదు. కొన్నేళ్ళపాటు ల్యాప్‌టాప్‌లలో పోర్టులను నడిపే పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలర్ కూడా ఉండేది కాబట్టి ఇబ్బంది తెలియలేదు. 2015లో వచ్చిన 6వ తరం నుంచి ఇంటెల్ ఆ పాత కంట్రోలర్‌ను తీసివేసింది. అప్పటినుంచి పోర్టు నల్లగా ఉన్నా, నీలంగా ఉన్నా అన్నీ కొత్త కంట్రోలర్ గుండానే పోతాయి. కనుక పోర్టు మార్చి చూడడం వల్ల ప్రయోజనం లేదు. డ్రైవర్‌ను ముందుగానే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి.

ఎక్కించవలసిన చోట్లు మూడు. పెన్‌డ్రైవ్‌లోని ‘సోర్సెస్’ ఫోల్డరులో ‘బూట్.విమ్’, ‘ఇన్‌స్టాల్.విమ్’ అనే రెండు పెద్ద ఫైళ్ళుంటాయి. బూట్.విమ్‌లో రెండు భాగాలున్నాయి. ఇన్‌స్టాల్ చేసే తెరలను నడిపేది అందులోని రెండవ భాగం, చాలామంది మరచిపోయేదీ దానినే. ఇన్‌స్టాల్.విమ్‌లో హోమ్, ప్రొఫెషనల్ వంటి రకాలు ఒక్కొక్కటి ఒక్కొక్క సంఖ్యతో ఉంటాయి, మీరు వేసుకోబోయే రకానికి ఎక్కిస్తే చాలు. బూట్.విమ్‌ను వదిలేస్తే ఇన్‌స్టాల్ మొదలే కాదు. ఇన్‌స్టాల్.విమ్‌ను వదిలేస్తే ఇన్‌స్టాల్ అంతా అయ్యి, యంత్రం మళ్ళీ లేచి, మీ పేరు టైపు చేయమని అడిగే చోట మౌసు చచ్చిపడి ఉంటుంది.

విండోస్ 10 ఉన్న మరో కంప్యూటరులో ఈ రెండు ఫైళ్ళను సీ డ్రైవ్‌లోని ఒక ఫోల్డరులోకి నకలు తీసుకోండి. ‘మౌంట్’ అనే ఖాళీ ఫోల్డరు ఒకటి, ‘డ్రైవర్లు’ అనే ఫోల్డరు ఒకటి సృష్టించండి. ఇంటెల్ యూఎస్‌బీ 3.0 డ్రైవర్‌లో విండోస్ 7 కోసం ఉన్న 64 బిట్ ఫోల్డరును, అంటే డ్రైవర్ వివరాలుండే ఐఎన్‌ఎఫ్ ఫైళ్ళు కంటికి కనిపించే దానిని, అందులో ఉంచండి. సెటప్ ఫైలును ఉన్నదున్నట్టు పెడితే పనికిరాదు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, విండోస్‌లోనే ఉండే డిస్మ్ అనే ఆదేశంతో బూట్.విమ్ మొదటి భాగాన్ని మౌంట్ ఫోల్డరులోకి తెరవాలి, యాడ్ డ్రైవర్ ఆదేశానికి రికర్స్ కలిపి డ్రైవర్లన్నిటినీ చేర్చాలి, తరువాత అన్‌మౌంట్ చేసేటప్పుడు కమిట్ అని చెప్పాలి. కమిట్‌కు బదులు డిస్కార్డ్ అంటే చేసినదంతా పోతుంది. ఇదే పనిని రెండవ భాగానికీ, ఆపైన ఇన్‌స్టాల్.విమ్‌కూ చేయండి.

ఇక్కడ నాకు ఒక పూట వృథా అయిన సంగతి చెప్పాలి. డ్రైవర్లు చేరాయో లేదో చూద్దామని మౌంట్ ఫోల్డరును మరో కిటికీలో తెరిచి, దాన్ని మూయకుండానే అన్‌మౌంట్ చేశాను. ఫోల్డరును పూర్తిగా విడదీయలేకపోయానని డిస్మ్ చెప్పింది. నేను ఆ సందేశాన్ని సరిగా చదవకుండా ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసేశాను. ఆ ఫోల్డరు తెరిచి ఉన్న కిటికీలన్నీ మూసి, అన్‌మౌంట్ ఆదేశాన్ని మళ్ళీ ఇచ్చి ఉంటే సరిపోయేది. నూరు శాతం పూర్తయి, పని విజయవంతమైందన్న వాక్యం చూసేవరకు తరువాతి అడుగు వేయకండి.

మీ ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం వేగవంతమైన ఎస్ఎస్‌డీ డిస్కు ఉంటే మరొక పని ఉంది. విండోస్ 7కు దాన్ని గుర్తించే శక్తి పుట్టుకతో లేదు. మైక్రోసాఫ్ట్ ఆ తరువాత ఇచ్చిన కేబీ 2990941, కేబీ 3087873 అనే రెండు సవరణలను ఇదే వరుసలో, ఈసారి యాడ్ ప్యాకేజ్ ఆదేశంతో, ఆ మూడు చోట్లా చేర్చండి. పాత పద్ధతి అయిన సాటాతో కలిపిన డిస్కు ఉన్నవారికి ఈ అవసరం లేదు.

మార్చిన రెండు ఫైళ్ళను తిరిగి పెన్‌డ్రైవ్‌లోని సోర్సెస్‌లో వేసి, ల్యాప్‌టాప్‌కు పెట్టి ఆన్ చేయండి. భాషను అడిగే తెర వచ్చినప్పుడు మౌసు అడుగున ఎర్రదీపం వెలుగుతూ ఉండాలి, బాణం కదలాలి. కదిలితే అక్కడితో యంత్రాన్ని ఆపివేయండి, ‘ఇన్‌స్టాల్ నౌ’ను ఇప్పుడే నొక్కవద్దు. ఉన్న విండోస్ 10ను చెరపకుండా డిస్కులో దీనికి చోటు ఎలా చేయాలో తరువాతి పాఠంలో చూస్తాము. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది కనుక దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి, స్కాన్ చేసిన బొమ్మలను విండోస్ 10 వైపు నుంచి తెరిచే ఏర్పాటు కూడా అప్పుడే చేసుకుందాము.