వైజాగ్‌లో ప్యాసింజర్ బండి ఎక్కేముందు

మనకు ముంబైలోలా నిమిషాలకో లోకల్ లేదు. ఉన్నవి కొన్ని ప్యాసింజర్లు, మెములే (కరెంటు మీద నడిచే దగ్గరి దూరపు బండ్లు). అందుకే ముందే ఇవి చూసుకోండి.

- బోర్డు మీద బండి ఎక్కడిదాకా పోతుందో చదవండి. కొత్తవలసలో దారి చీలిపోతుంది: ఒకటి విజయనగరం వైపు, ఇంకొకటి అరకు వైపు. పెందుర్తి మీదుగానే కదా అని ఎక్కేసి, కునుకు తీసి, క్యారేజీ చేత్తో పట్టుకుని శృంగవరపుకోటలో దిగినవాణ్ణి నేనే. అన్నం అక్కడే ప్లాట్‌ఫారం బెంచీ మీద తిన్నాను.
- జ్ఞానాపురం వైపు నుంచి వస్తే తగిలేది 8వ ప్లాట్‌ఫారం. బండి ఒకటో నంబరుదైతే వంతెన ఎక్కి దిగాలి, ఆ టైము కలుపుకోండి.
- జనరల్ టికెట్ పొద్దున కొని సాయంత్రం వాడదామంటే కుదరదు. 199 కి.మీ. లోపు దూరానికి మామూలుగా 3 గంటల్లో బయల్దేరాలి.
- ప్యాసింజర్ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కకండి. అసలు టికెట్టే లేకపోతే ఛార్జీ కాక కనీసం 250 రూపాయల జరిమానా.
- సీజన్ టికెట్ ఉంటే గుర్తింపు కార్డు కూడా జేబులో పెట్టుకోండి.
- కొన్ని దూరపు బండ్లు వైజాగ్ స్టేషన్‌కు రావు, ఊరి శివారులోని దువ్వాడ స్టేషన్ నుంచే పోతాయి. అర్ధరాత్రి ఆటో ముందే మాట్లాడుకోండి.