కాంచనబురిలో క్వే నది వెంట నడుస్తూ యుద్ధకాలపు చోట్లు చూడటం ఎలా?

థాయ్‌లాండ్‌లోని కాంచనబురికి వచ్చినవాళ్లలో చాలామంది రెండో ప్రపంచయుద్ధం నాటి రైలు వంతెన మీద నాలుగు ఫొటోలు దిగి బస్సెక్కేస్తారు. మీరు ఒక పూట ఉంచుకోండి. నడక మహా అయితే నాలుగైదు కిలోమీటర్లు.

ముందు పొద్దున్నే, జనం రాకముందే వంతెన ఎక్కండి. వంపు తిరిగిన ఇనుప కమానులు 1943లో జపాన్ సైన్యం జావా నుంచి తెప్పించి యుద్ధఖైదీల చేత బిగించినవి, మధ్యలో తిన్నటి అంచులతో కనిపించే రెండూ మాత్రం బాంబులకు పాతవి కూలాక యుద్ధం తర్వాత పెట్టినవి. పట్టాల మీద ఇప్పటికీ రైలు వస్తుంది, కూత వినపడగానే పక్కనున్న చిన్న అరుగు మీదికి తప్పుకోండి, సెల్ఫీ తర్వాత. అన్నట్టు, యుద్ధం నాటికి ఇక్కడి నది పేరు మే క్లాంగ్. ఈ వంతెన కథతో వచ్చిన ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వై’ సినిమా చూసొచ్చినవాళ్లంతా క్వే ఏదని అడుగుతుంటే 1960ల్లో పేరే మార్చి క్వే యై అన్నారు!

తర్వాత నది పారే వైపే దిగువకు నడవండి. అవతల కొండలు, నీళ్ల మీద తేలే గుర్రపుడెక్క, తెప్పల మీద కట్టిన గదులు కనిపిస్తాయి. దారంతా ఒడ్డునే ఉండదు, మధ్యమధ్యలో రోడ్డెక్కక తప్పదు.

యుద్ధ శ్మశానవాటికలో తొందరపడకండి. దాదాపు 7,000 మంది యుద్ధఖైదీల సమాధులు, ఒక్కో రాతి మీద కంచు పలక, చాలావాటి మీద పేరు, వయసు. వంగి చదివితే ఇరవైల్లో పోయినవాళ్లే ఎక్కువ. కానీ ఈ వంతెన మీదుగా బర్మాకు జపాన్ సైన్యం వేయించిన 415 కిలోమీటర్ల రైలు దారి వేస్తూ చనిపోయిన ఆసియా కూలీలు 90 వేల దాకా ఉంటారని అంచనా, వాళ్లకు ఇక్కడ పలకల్లేవు. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులు, తెలుగువాళ్లూ అందులో ఉన్నారు. పక్కనే ఉన్న రైల్వే మ్యూజియంలో ఈ కథంతా ఉంటుంది, గంటైనా పెట్టండి.

అక్కణ్నుంచి పాక్ ఫ్రేక్ పాత వీధి. ఖైదీలకు దొంగచాటుగా మందులు చేరవేసిన వ్యాపారి బూన్‌పోంగ్ కొట్టు ఈ వీధిలోదే.

చివరికి జీత్ మ్యూజియం, వెదురు పాకల్లో ఖైదీల శిబిరం ఎలా ఉండేదో చూపిస్తారు. ఆ దగ్గర్లోనే క్వే నోయ్ అనే ఇంకో నది వచ్చి క్వే యైలో కలుస్తుంది, మే క్లాంగ్ అన్న పేరు ఇప్పుడు ఇక్కణ్నుంచే మొదలు. కాళ్లు లాగుతుంటే పెద్ద రోడ్డు మీద సాంగ్‌తేవ్, అంటే వెనక రెండు బల్లలుండే షేర్ బండి, ఆపి ఎక్కేయండి.